అక్షరం ముందా, ఆకృతి ముందా?

ఉపాధ్యాయ శిక్షణ పొందినవారిలో సుల్తాన్‌ను ఎరుగని వారుండరు. టెనెరిఫ్ దీవిలో రెండు కర్రలను ఒకదానిలో ఒకటి దూర్చి, కటకటాల వెలుపలనున్న అరటిపండును లాగుకొన్న చింపాంజీ అది. కోహ్లర్, సుల్తాన్, అంతర్దృష్టి - ఈ మూడు మాటలను ఒక వరుసగా వల్లించి, అర్హత పరీక్షలో ఒక మార్కు సంపాదించిన పిదప గెస్టాల్ట్ వాదంతో మనవారికి పని తీరిపోవుచున్నది. పూర్ణం ముక్కల కూడిక కాదని ప్రకటించిన వాదాన్ని మూడు ముక్కలుగా కోసి నేర్చుకొనుట వింతే.

నేను తెలుగు చెప్పుకొని బ్రతికేవాడను. మనస్తత్త్వ శాస్త్రం నా వృత్తి కాదు. అయినా ఈ వాదం వేళ్లు తత్త్వశాస్త్రంలో ఉన్నవి. వాటికి సాటి వేళ్లు మన తర్కంలోను, వ్యాకరణంలోను ఉన్నవి. అంతకంటె ముఖ్యం, ఖమ్మం దాటి, కొత్తగూడెం మీదుగా భద్రాచలం అడవుల దారి పట్టినకొద్దీ కనిపించే చిన్న బడులలో ఒకటవ తరగతి పిల్లలకు ప్రతి ఉదయం జరిగే పాఠానికి ఈ వాదంతో నేరుగా సంబంధం ఉన్నది. అక్షరాలు ముందు, అర్థం తరువాత అనుకొని పాఠం మొదలుపెట్టే ఉపాధ్యాయుడు ఒక అలవాటును పాటించుచున్నానని అనుకొనును గాని, నిజానికి మనస్సును గురించిన ఒక సిద్ధాంతాన్ని అతడు పాటించుచున్నాడు. ఆ సిద్ధాంతం ఎక్కడిదో, దానిని ఎవరు ఎందుకు కాదన్నారో తెలుసుకొనుట అతనికి అవసరం.

గెస్టాల్ట్ అనునది జర్మన్ మాట. ఆకృతి అని దానిని మనం చెప్పుకొనవచ్చును. ఈ ఆకృతి చర్చ చిత్రలేఖనంతో కాక పాటతో మొదలైనదని పలువురికి తెలియదు. 1886లో ఎర్న్స్ట్ మాఖ్ అను భౌతిక శాస్త్రవేత్త అనుభవాన్నంతటినీ సంవేదనలుగా విడదీయుటకు పూనుకొని, పాటకు ఒక రూపం ఉన్నదని, ఆ రూపం కూడ వినపడునని గమనించినాడు. 1890లో క్రిస్టియన్ ఫన్ ఎరెన్‌ఫెల్స్ ఆ మాటను పట్టుకొని ఒక ప్రశ్న వేసినాడు: పాట స్వరాల కూడికయే అయితే, శ్రుతి మార్చి పాడినప్పుడు అదే పాట అని ఎట్లు గుర్తుపట్టుచున్నాము?

ఇంట హార్మోనియం ఉన్నవారు దీనిని పరీక్షించి చూడవచ్చును. ఒకటవ శ్రుతిలో మోహన రాగం వాయించండి. స, రి, గ, ప, ద - ఐదును తెల్లమెట్లే. ఇప్పుడు ఒకటిన్నర శ్రుతిలో అదే రాగం వాయించండి. నాలుగు నల్లమెట్లు, ఒక తెల్లమెట్టు. ఆ తెల్లమెట్టు కూడ మొదటి ఐదింటిలో లేనిది. ఒక్క మెట్టు కూడ ఉమ్మడిగా లేదు. అయినా వినేవాడు మోహనమే అనును. రామదాసు కీర్తనను తాత ఒక శ్రుతిలో, మనుమరాలు మరొక శ్రుతిలో పాడినను కీర్తన ఒక్కటే. ఇక తిరగవేసి చూడండి. మొదటి ఐదు తెల్లమెట్లనే ఉంచి, రిషభాన్ని షడ్జంగా చేసుకొని వాయించినచో మోహనం మాయమై మధ్యమావతి పలుకును. సంగీత విద్వాంసులు దీనిని గ్రహభేదం అందురు. మొదటి పరీక్షలో భాగాలన్నీ మారినను పూర్ణం మారలేదు. రెండవదానిలో భాగాలేవీ మారకున్నను పూర్ణం మారినది. కూడిక లెక్క ఈ రెండింటిలో దేనికీ పనికిరాదు.

ఎరెన్‌ఫెల్స్ ఇచ్చిన జవాబు మాత్రం సగమే. స్వరాలతో పాటు ఆకృతి గుణం అనునది మరొకటి ఉన్నదన్నాడు. అంటే ఐదు స్వరాలకు ఆరవదానిని చేర్చినాడు. కూడిక కూడికగానే మిగిలినది. గ్రాట్స్ నగరంలో మైనాంగ్ శిష్యులు ఆ ఆరవదానిని మనస్సే తయారుచేయుచున్నదన్నారు: ఇంద్రియాలు ముడిసరుకు ఇచ్చును, మనస్సు దానిమీద ఆకృతిని అల్లును. ప్రాగ్ నగరంలో ఎరెన్‌ఫెల్స్ వద్ద చదువుకొన్న మాక్స్ వర్థైమర్ ఈ జవాబుతో తృప్తిపడలేదు.

1912లో వర్థైమర్ ప్రకటించిన వ్యాసంతో గెస్టాల్ట్ వాదం పుట్టినదని చెప్పుదురు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో చేసిన ఆ ప్రయోగాలలో చూపరులుగా కూర్చున్నవారు కోహ్లర్, కోఫ్కాలే. ఒక గీతను చూపి, ఆర్పి, సెకనులో వెయ్యింట అరవై వంతుల వ్యవధిలో పక్కనే మరొక గీతను చూపినచో చూపరికి రెండు గీతలు కనపడవు, ఒక కదలిక కనపడును. శ్రీరామనవమికి పందిరి చుట్టూ కట్టిన సీరియల్ బల్బుల వెలుగు పరుగెత్తుచున్నట్లు కనపడుట ఈ జాతికి చెందినదే. బల్బులు కదలవు, వెలుగు కదలును. రెండు గీతలను విడివిడిగా చూసి, ఆ పిదప కదలికను ఊహించుకొన్నామని అనుటకు అక్కడ వీలులేదు. కదిలే వస్తువు లేకయే కదలిక కనపడుచున్నది. ముక్కలు ముందు, కూర్పు తరువాత అను క్రమం అనుభవంలో లేదని, అది మన పుస్తకాలలోనే ఉన్నదని వర్థైమర్ నిర్ణయించినాడు. మనవారు తరచుగా 'భాగాల కూడిక కంటె పూర్ణం ఎక్కువ' అని వ్రాయుదురు. కోఫ్కాకు ఆ మాట రుచించలేదు. ఎక్కువ కాదు, వేరు అనుటయే ఆయన అభిమతం. ఎక్కువ అన్నచో మరల లెక్కలోనికే దిగినట్లగును.

ఈ పోరాటం ఎవరితో? లాక్, హ్యూమ్‌ల నాటినుండి పాతుకొన్న సంసర్గవాదంతో. మనస్సు చిన్న చిన్న ముద్రలను పోగుచేసుకొనును, పక్కపక్కన పడినవి అతుక్కొనును, ఆ అతుకులే జ్ఞానం అని ఆ వాదం. 1829లో జేమ్స్ మిల్ దీనిని చివరిదాకా లాగినాడు. ఆయన లెక్కలో ఇల్లు అను భావంలో ఇటుక భావం, సున్నపు భావం, తలుపు భావం అన్నీ చేరి ఉండవలెను. కొడుకు జాన్ స్టూవర్ట్ మిల్‌కు ఇది అతిగా తోచి, భావాలు రసాయనాలవలె కలిసి కొత్తదానిని పుట్టించునన్నాడు. గోడలు కట్టి, దూలాలు వేసి, తాళం తీసి లోనికి వెళ్లినవాడెవడూ ఇంటిని ఇటుకల జాబితాగా ఎరుగడు. అయినా శతాబ్దాల తరబడి పండితులకు ఆ జాబితాయే శాస్త్రీయంగా తోచినది.

దీనికి ఎదురు నిలిచిన ధారలు పలు. కాంట్ తత్త్వవేత్త మనస్సుకు కూర్చే శక్తి ఉన్నదన్నాడు. బ్రెంటానో, ఆయన శిష్యుడు స్టంఫ్, అనుభవాన్ని ముందుగా కోయక, ఉన్నది ఉన్నట్లు వర్ణించండి అన్నారు. కోహ్లర్, కోఫ్కాలు బెర్లిన్‌లో ఆ స్టంఫ్ శిష్యులే. వర్థైమర్ చిన్ననాటనే స్పినోజాను చదివినవాడు. మనస్సు, దేహం వేరువేరు పదార్థాలు కావని, ఒకే సత్త యొక్క రెండు ముఖాలని స్పినోజా మతం. కోహ్లర్ మాక్స్ ప్లాంక్ వద్ద భౌతికశాస్త్రం విన్నవాడు. ఈ చివరి ఇద్దరి ప్రభావం మనం గుర్తుంచుకొనవలెను. మెదడును గురించిన ప్రశ్న వచ్చినప్పుడు అది బయటపడును.

ఇప్పుడు అసలు ముడి. భాగాలను కూర్చేది ఎవరు? ఈ ప్రశ్న మన దేశంలో కొత్తది కాదు. కాశీకి పోయినంతమాత్రాన అన్నంభట్టు కాడని తెలుగునాట సామెత ఉన్నది. ఆ అన్నంభట్టు మనవాడే. ఆయన తర్కసంగ్రహం చదివిన ప్రతి విద్యార్థికి దారాలు అవయవాలు, వస్త్రం అవయవి అను మాట తెలియును. వస్త్రం దారాల మొత్తం కాదు, దారాలలో సమవాయ సంబంధంతో ఉండే వేరొక ద్రవ్యం అని నైయాయికుల మతం. గౌతముని న్యాయసూత్రాలలో దీనికి ఇచ్చిన యుక్తులు పసందైనవి. అవయవి అనునది లేకున్నచో ఏదీ కంటికి కనపడదు, ఏలన విడి పరమాణువులు కనపడవు గదా. మరొకటి: కుండను అంచు పట్టి ఎత్తినచో కుండంతా లేచును, ధాన్యపు రాశిలో ఒక గింజను పట్టి ఎత్తినచో రాశి లేవదు. రాశికి, అవయవికి భేదం ఇంతకంటె తేటగా చెప్పుట కష్టం.

బౌద్ధులు దీనిని ఒప్పుకొనలేదు. మిళిందుని రథం కథ అందరూ విన్నదే: చక్రం రథం కాదు, ఇరుసు రథం కాదు, విడిగా రథమనునది లేదు, అది వ్యవహారానికి పెట్టిన పేరు. దిఙ్నాగుడు దానిని మరింత పదునుపెట్టినాడు. ఇంద్రియానికి అందునది ఆ క్షణపు విడి వస్తువే. జాతి, నామం, పూర్ణం - ఇవన్నీ కల్పన. ఆంధ్రదేశపు రాజధాని వేంగికి చేరువనున్న ఏకాంతపు కొండమీద ఆయన హేతువిద్యను రచించెనని 7వ శతాబ్దంలో వచ్చిన హ్యూయెన్‌త్సాంగ్ వ్రాసిపెట్టినాడు. మన గోదావరి దిగువన, కొల్లేటి వైపు, ఈ చర్చ ఒకప్పుడు ప్రాణప్రదమైన చర్చ అన్నమాట.

కాని నైయాయికునికి అవయవి బయటి వస్తువులో ఉన్నది. దానిని గ్రహించి, చూచినదానిని తాకినదానితో కలుపుటకు ఆత్మ కావలెను. చూచిన నేనే తాకుచున్నాను అను ఏకత్వం ఇంద్రియాలకు చెందదు గనుక ఆత్మ ఉన్నదని వారి అనుమానం. దిఙ్నాగునికి కూర్పు కల్పన. కాంట్‌కు కూర్పు బుద్ధి చేసే పని. గ్రాట్స్ వారు ఇంచుమించు ఆ దారివారే. ఇందరిలోను ఉమ్మడిగా ఉన్న ఊహ ఒకటి ఉన్నది: ఇంద్రియాలు ఇచ్చునది చెదరిన సరుకు, కూర్చుటకు ఎవరో ఒకరు కావలెను. బెర్లిన్ వారు ఈ ఊహనే కాదన్నారు. చెదరిన సరుకు మొదట ఎన్నడూ లేదు, కావున కూర్చేవాడు అక్కరలేదు. చూపునందే అమరిక ఉన్నది. గెస్టాల్ట్ వాదంలోని సారం నా దృష్టిలో ఇదే. చింపాంజీ కథ దీని కొసరు.

వ్యాకరణంలో ఈ తగవు ఒక సమాసం విగ్రహవాక్యంలో ఇమిడి ఉన్నదని చెప్పినచో తెలుగు విద్యార్థులు సంతోషింతురు. వేదపాఠానికి సంహిత అని, పదాలను విడదీసి చెప్పుటకు పదపాఠం అని పేర్లు. సంహిత 'పదప్రకృతి' అని ప్రాతిశాఖ్యం. ఈ సమాసాన్ని ఎట్లు విప్పవలెను? పదములకు ప్రకృతి అని షష్ఠీ తత్పురుషంగా విప్పినచో సంహితయే మూలం, పదాలు దానినుండి తీసినవి. పదములే ప్రకృతిగా గలది అని బహువ్రీహిగా విప్పినచో పదాలు మూలం, సంహిత వాటి కూర్పు. వాక్యం ముందా, పదం ముందా అను తాత్త్విక ప్రశ్న అంతా ఇక్కడ ఉన్నది. భర్తృహరి తన వాక్యపదీయంలో ఈ రెండు విప్పులనూ చర్చించి, తాను వాక్యం పక్షం వహించినాడు. వాక్యం అఖండం, పదాలు, వర్ణాలు బోధ కొరకు మనం చేసిన విభాగాలు. అదే స్ఫోటవాదం.

ఎదుటివాడు కుమారిలభట్టు. వర్ణాలు ఒకటొకటిగా వినపడును, ఒక్కొక్కటి ఒక సంస్కారాన్ని మిగుల్చును, చివరి వర్ణం ఆ సంస్కారాలతో కూడి అర్థాన్నిచ్చును. స్ఫోటమను వేరొక వస్తువు ఎందుకు అని మీమాంసకుల వాదం. అయితే 'రమ', 'మర' - ఈ రెండింటిలో వర్ణాలు అవే, సంస్కారాలు అవే, అర్థాలు వేరెందుకు? వరుస వేరు గనుక అందురు. వరుస అనునది వర్ణం కాదు గదా! ఎరెన్‌ఫెల్స్ పాటను గురించి వేసిన ప్రశ్న సరిగా ఇదే. మన 'ముక్కంటి' మాటనే చూడండి. అందులో మూడు ఉన్నది, కన్ను ఉన్నది, శివుడు లేడు. కాని మాట పలికినంతనే శివుడే ముందు వచ్చును, మూడును కన్నును తరువాత ఉపాధ్యాయుడు విప్పిచెప్పవలెను.

ఇంతవరకు వచ్చినవాడు ఒక గోతిలో పడుటకు సిద్ధంగా ఉండును. జర్మనులు చెప్పినదంతా భర్తృహరి ముందే చెప్పినాడు అని సభలలో చప్పట్లు కొట్టించుకొనుట సులభం. నేను ఆ మాటను గట్టిగా కాదంటాను. భర్తృహరి స్ఫోటానికి అవయవాలు లేవు, అది నిత్యం, దాని చివరి గమ్యం శబ్దబ్రహ్మం. గెస్టాల్ట్ ఆకృతికి అవయవాలు ఉన్నవి. పూర్ణంలో వాటి స్థానాన్ని బట్టి వాటి స్వభావం మారును. అది కాలంలో పుట్టి చెడునది, ప్రయోగశాలలో చెడగొట్టి చూపదగినది. నైయాయికుని వస్త్రానికీ దీనికీ భేదం ఉన్నది: వస్త్రం కొత్తగా చేరినను దారాలు పాత దారాలే, ఇక్కడ దారాలే వేరగును. ఒకే ప్రశ్నను అడిగినవారిని ఒకే జవాబు చెప్పినవారిగా చూపుట ఇద్దరికీ అపచారం.

అమరిక చూపునందే ఉన్నదన్నచో, ఆ చూపు నడిచే మెదడులో ఏమి జరుగుచున్నది? మెదడు విడివిడి తీగల కట్ట అయితే, ఒక్కొక్క తీగ ఒక్కొక్క చుక్కను మోసికొనిపోయినచో, చివర మరల కూర్చేవాడు కావలసివచ్చును; తలుపునుండి తరిమిన ఆత్మ కిటికీనుండి వచ్చినట్లే. కోహ్లర్ 1920లో ప్రకటించిన గ్రంథంలో దీనికి భౌతికశాస్త్రం నుండి జవాబు తెచ్చినాడు. ప్రకృతిలో కూర్చేవాడు లేకయే కూర్పు ఉన్నది. లోహపు గోళంమీద విద్యుత్తు పరచుకొనును. ఒకచోట కొంత తీసివేసినచో మిగిలినదంతా తానే సర్దుకొనును.

మనవైపు వారికి గోళం కంటె గోదావరి మంచి దృష్టాంతం. భద్రాచలం వద్ద నీరు 43 అడుగులకు చేరినచో మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది ఇత్తురు. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినది. అట్టి పోటులో నది ఒక్కటే పెరగదు. నదిలో కలియవలసిన వాగులు వెనుకకు తన్నును, ఎగువనున్న పొలాలు వాన లేకయే మునుగును. వాగులోని నీరు ఏ దిశకు పోవలెనో వాగు నిర్ణయించుట లేదు, మొత్తం నీటి మట్టం నిర్ణయించుచున్నది. నీటిబొట్లకు సర్దుకొమ్మని చెప్పే అధికారి ఎవడూ లేడు. మెదడులోని ప్రక్రియ కూడ ఇట్టిదే కావచ్చునని కోహ్లర్ ఊహ: నాడులలో విద్యుత్తు క్షేత్రంవలె పరచుకొని, తనంత తాను ఒక అమరికకు వచ్చును, ఆ అమరిక, చూపులోని అమరిక ఒకే రూపం గలవి.

దీనికి సమరూపత అని పేరు పెట్టుకొందాము. దీనిని అపార్థం చేసుకొన్నవారు పలువురు. ఎర్రని పువ్వును చూచినప్పుడు మెదడు ఎర్రబడునని కాదు, తలలో చిన్న బొమ్మ ఉన్నదని కాదు. రైలు పటంలో డోర్నకల్, ఖమ్మం, మధిర ఒక వరుసలో ఉండును. కాగితంమీది ఖమ్మంలో కోట లేదు, ఎండ లేదు. అయినా డోర్నకల్‌కు మధిరకు 'నడుమ' ఖమ్మం ఉండుట పటంలోను నిజమే, నేలమీదను నిజమే. నడుమ, పక్క, లోపల, వెలుపల అను సంబంధాలు రెండింటిలో ఒకటిగా ఉండవలెను, అంతే. ముల్లర్ 1896లోనే ఇంద్రియానుభవానికి నాడీప్రక్రియకు సాటి ఉండవలెనని సూత్రాలు చెప్పినాడు. కోహ్లర్ దానిని అమరికకు విస్తరించినాడు. ఒకే క్రమానికి రెండు ముఖాలు అను స్పినోజా మాట ఇక్కడ శాస్త్రవేషంలో నిలుచున్నది.

ఆ ఊహ నిలిచినదా? నిలువలేదు. 1951లో లాష్లీ బృందం కోతుల మెదడుమీద బంగారు రేకులు పరచినారు. 1955లో స్పెరీ బృందం పిల్లుల మెదడులో అభ్రకపు పలకలు దూర్చినారు. విద్యుత్తు మెదడంతటా క్షేత్రంగా పరచుకొనుచున్నచో ఈ అడ్డంకులవలన చూపు చెదరిపోవలెను. ఆ జంతువులు ఆకారాలను ఇంచుమించు ఎప్పటివలెనే గుర్తించినవి. మరొకవైపు హ్యూబెల్, వీసెల్ గీత దిశను బట్టి స్పందించే విడి నాడీకణాలను చూపినారు. 1981లో స్పెరీకి, ఆ ఇద్దరికి నోబెల్ బహుమానం కలిపియే వచ్చినది. కోహ్లర్ 1967లో మరణించినాడు.

మెదడును గురించిన జవాబు తప్పినంతమాత్రాన ప్రశ్న తప్పిపోలేదు. లేని గీతను మనం ఉన్నట్లు చూచే కొన్ని చిత్రాలు ఉన్నవి. 1984లో కోతుల మెదడులో అట్టి లేని గీతకు కూడ స్పందించే కణాలు కనపడినవి. విడి కణం సైతం తన చుట్టుపట్లను బట్టి పనిచేయునని తేలినది. క్షేత్రం పోయినను సందర్భం మిగిలినది. నా మట్టుకు నాకు కోహ్లర్ ఓటమి గౌరవప్రదమైనది. తత్త్వవేత్తలలో తమ మాటను బంగారు రేకుతో పరీక్షించుటకు వీలుగా చెప్పినవారు ఎందరున్నారు?

ఇక బడిలోనికి పోదాము. 1933లో జర్మనీ విడిచి న్యూయార్క్ చేరిన వర్థైమర్ 1943లో మరణించినాడు. 1945లో వెలువడిన ఆయన గ్రంథంలో ఒక తరగతి గది ఉన్నది. ఉపాధ్యాయుడు సమాంతర చతుర్భుజం వైశాల్యం చెప్పినాడు: పై మూలలనుండి లంబాలు దించండి, భూమిని పొడిగించండి, భూమిని ఎత్తుతో గుణించండి. పిల్లలందరూ చక్కగా చేసినారు. వర్థైమర్ అదే బొమ్మను నిలువుగా తిప్పి ఇచ్చినాడు. చాలమంది తెల్లబోయినారు, ఇది మాకింకా చెప్పలేదన్నారు. వారు నేర్చినది మెట్ల వరుసను. ఒక పక్కన మిగిలిన ముక్క రెండవ పక్కన లోటును పూరించునను చూపు వారికి కలుగలేదు.

అడవి అంచున ఒక బడిలో నేను చూచినది దీనికి తోబుట్టువే. పిల్లవాడు గోడమీది పట్టిక చూచి 'ఇ, ల్లు, ఇల్లు' అని గొంతెత్తి చదివినాడు. తప్పు లేదు. ఇల్లనగా ఏమి అని అడిగినచో మౌనం. పట్టికలోని బొమ్మ చూపినచో వెంటనే 'లోన్' అన్నాడు. కోయ భాషలో ఇంటికి లోన్ అని పేరు. తెలుగు వినేవానికి అది 'లోన' అని, లోపల అని తోచును. పిల్లవాడు అడిగినదానికి సంబంధం లేక పలికినాడని ఉపాధ్యాయుడు అనుకొనును. కోయలో 'ఏర్' అనగా నీరు. మన వాచకంలో 'ఏరు' అనగా వాగు. ధ్వని అదే, భాష అను పూర్ణం వేరు గనుక మాట వేరు. మోహనం మెట్లమీద మధ్యమావతి పలికినట్లే.

జేమ్స్ మిల్ ఇంటిని ఇటుకలుగా విడదీసినాడు. మనం ఆ పిల్లవానికి ఇల్లు అను మాటను రెండు అక్షరాలుగా విడదీసి ఇచ్చినాము. మైదానపు పిల్లవానికి దానివలన పెద్ద నష్టం లేదు. అక్షరాలు కలిపి పలికినంతనే తన ఇల్లు తలపునకు వచ్చును. అర్థమను పూర్ణం అతనికి ముందే ఉన్నది. అది లేని పిల్లవానికి అక్షరాలు ఎన్ని కలిపినను అక్షరాలే. అతడు మందబుద్ధి కాడు. మనం సగం పాట ఇచ్చి రాగం చెప్పుమనుచున్నాము. ఖమ్మం వైపు కోయలలో తెలుగే ఇంటిభాష అయినవారు పలువురు ఉన్నారు. వారి సంగతి వేరు. గోదావరి ఆవలి గూడేలలోను, 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ నుండి హింసకు వెరచి వలసవచ్చిన గుత్తికోయల నివాసాలలోను ఈ కష్టం నిండుగా ఉన్నది.

అట్లని అక్షరాలను మానివేయండి అనుట నా ఉద్దేశం కాదు. అమెరికాలో పదాన్ని మొత్తంగా చూపి చదివించే పద్ధతి ఊపందుకొని, దానికి గెస్టాల్ట్ పేరును కూడ వాడుకొన్నారు. 1967లో జీన్ చాల్ తన గ్రంథంలో పరిశోధనలను తూచి, అక్షరానికి ధ్వనికి గల సంబంధాన్ని మొదటినుండి నేర్పుటయే మేలని తేల్చినది. నేనును ఒప్పుకొందును. మన గుణింతమే ఒక ఆకృతి గదా. క, కా, కి, కీ నేర్చిన పిల్లవాడు గ, గా, గి, గీ కొత్తగా నేర్చుట లేదు. అదే పాటను శ్రుతి మార్చి పాడుచున్నాడు. గుడి ఎక్కడ పెట్టినను ఆ ధ్వని ఇకారమే. దీనిని ఉపాధ్యాయుడు చూపగలిగినచో గుణింతాల భారం ఎంతో తగ్గును. చూపక, ఒక్కొక్కటి విడిగా వందసార్లు దిద్దించుట కుమారిలభట్టు సైతం కోరని పని. అక్షరాలు నేర్పవలెను, పిల్లవానికి తెలిసిన మాటలోనుండి, తెలిసిన వాక్యంలోనుండి తీసి నేర్పవలెను. సంహితనుండి పదపాఠం తీసినట్లు.

తెలుగునాట దీనికి పూర్వులు లేకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారిని వ్యావహారిక భాషోద్యమంతోనే మనం తలచుకొందుము. అంతకుముందే ఆయన పర్లాకిమిడి కొండలలోని సవరల భాష నేర్చి, ఆ భాషలో పుస్తకాలు వ్రాసి, వారికి బడులు పెట్టించినారు. 1931లో వెలువడిన ఆయన సవర వ్యాకరణం ఆ శ్రమకు ఫలం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో బహుభాషా విద్యా పథకం మొదలుపెట్టినది; కోయ భాష వాటిలో ఒకటి. వాచకాలు తెలుగు లిపిలోనే వచ్చినవి. పిల్లవాడు మొదట తన మాటను మన అక్షరాలలో చదువును, పిదప మన మాటలోనికి నడచివచ్చును. అది మంచి క్రమం. పథకాలు వచ్చును, సన్నగిలును. ఒకటవ తరగతి మాత్రం ప్రతి జూన్ నెలలో మొదలగును. కోయ రాని ఉపాధ్యాయుడు కూడ మొదటి వారంలో పిల్లలనే అడిగి ఇరవై మాటలు పోగుచేయవచ్చును. నల్లబల్లమీద ఇంటి బొమ్మ గీసి, దానికింద 'లోన్' అని వ్రాసి, పిల్లవాడు చదివిన తరువాత పక్కనే 'ఇల్లు' అని వ్రాయుటకు ఏ ఉత్తర్వూ అక్కరలేదు.